ఒకే పేరు మీద రెండు పూటలు

మొన్న కాశీబుగ్గ బస్టాండులో టెక్కలి బస్సు కోసం నిలబడి ఉండగా, ఎదుటి గోడ మీద కొత్తగా అంటించిన కాగితం ఒకటి కనిపించింది. జీడిపప్పు ఫ్యాక్టరీలో ఆడవాళ్ళకు ఒక పూట పని ఉన్నదనీ, ఇల్లు చూసుకుంటూనే సంపాదించుకోవచ్చుననీ, గంటకు ఇంతనీ పెద్ద అక్షరాలతో రాసి, పి.ఎఫ్., ఆసుపత్రి కార్డు లాంటివి పూర్తి రోజు పనివాళ్ళకు మాత్రమేనని అడుగున చీమ తలకాయంత అక్షరాలతో రాశారు. నా పక్కన నిలబడ్డ ఇద్దరు ఆడపిల్లలు సెల్లు తీసి అక్కడికక్కడే లెక్క వేసుకున్నారు. "గంటకి సూత్తే ఒక పూటే లాభమే. రోజంతా కూకుంటే కోతలే గాని ఏటొత్తాది," అంది ఒకతె. రెండోది తలూపింది. వాళ్ళ లెక్కలో తప్పు లేదు, అందుకే నాకు ఒళ్ళు మండింది. లెక్క తప్పయితే దిద్దవచ్చు. ఒప్పు లెక్క వేసుకుని గోతిలో దిగేవాళ్ళకు ఏం చెబుతాం? ఇంతలో బస్సు వచ్చింది, ఎక్కాను, నందిగాం దాటేదాకా కిటికీ పక్కన కూర్చుని పళ్ళు నూరుకుంటూనే ఉన్నాను.

నా ఈడు వాళ్ళకు చెప్పనక్కరలేదు గానీ, మా రోజుల్లో పలాస, కాశీబుగ్గల్లో ఆడవాళ్ళకు జీడి పని రెండు రకాలుగా దొరికేది. ఒకటి కిలో పని. ఎప్పుడైనా రావచ్చు, ఎప్పుడైనా పోవచ్చు, పప్పు మీది పొట్టు ఎన్ని కిలోలు తీస్తే అన్ని కిలోలకు సాయంత్రం డబ్బు చేతిలో పెట్టేవారు, పేరు మాత్రం ఎక్కడా రాసేవారు కాదు. రెండోది మస్టరు పని, అంటే హాజరు పుస్తకంలో పేరున్న పని. పొద్దున్న ఎనిమిదికి గేటు లోపల ఉండాలి, అయిదు దాకా కదలకూడదు, కూలి స్థిరంగా ఉంటుంది, అందులోంచి పి.ఎఫ్.కూ ఆసుపత్రి కార్డుకూ కోస్తారు. చెయ్యి చురుకైన ఆడవాళ్ళందరూ కిలో పనే మేలనేవారు. మస్టరు వాళ్ళు ఎదురైతే, "మీకేటమ్మా, సచ్చినాక బోలెడు డబ్బులొత్తాయి," అని ఆటపట్టించేవారు.

పదిమంది అన్న మాటను అలాగే నమ్మే అలవాటు నాకు చిన్నప్పటి నుంచీ లేదు. నేను చదివింది అయిదో తరగతి. లెక్క నాకు బడిలో రాలేదు; మా నాన్న కొబ్బరికాయలు దింపించే రోజుల్లో ఆయన పక్కన కూర్చుని, నాలుగేసి కాయలు ఒక లెక్కగా కూడుకుంటూ, దళారి చెప్పిన దానికీ నా దానికీ తేడా వస్తే ఊరంతా వినబడేట్టు అరుస్తూ నేర్చుకున్నాను. పెళ్ళయి ఉద్దానంలో అత్తవారింటికి వచ్చాక కూడా ఆ బుద్ధి పోలేదు. కిలో పనికి వెళ్ళిన మొదటి ఏడాదంతా, పని దొరికిన రోజునల్లా క్యాలెండరు మీద చుక్క పెట్టాను. సరుకు రాని రోజులు, ముసురు రోజులు, మేస్త్రి రేపు రావద్దన్న రోజులు పోగా ఏడాది చివర నూట తొంభై చుక్కలు తేలాయి. మస్టరు వాళ్ళకు మూడు వందల రోజుల పని. కిలోకు అయిదున్నర, పూటకు అయిదు కిలోలు, నేనొక పూట మా తోడికోడలొక పూట కూర్చుంటే రెండు పూటలకు యాభై అయిదు రూపాయలు. మస్టరు కూలి నలభై ఎనిమిది, కోతలు పోగా చేతికి వచ్చేది నలభై ఒకటీ నలభై పైసలు. రోజు లెక్కన కిలో పనిదే పైచెయ్యి. ఏడాది లెక్క వేస్తే కిలో పనికి పది వేల నాలుగు వందల యాభై. మస్టరు వైపు చేతికొచ్చేదీ, కోసిన పి.ఎఫ్., దానికి యజమాని కలిపేదీ, బోనసూ అంతా కూడితే పదిహేడు వేల పైమాట. ఒకటికి రెండుసార్లు కూడి చూసుకుని, క్యాలెండరు మేకు మీంచి పీకి, పట్టుకుని మా తోడికోడలి దగ్గరికి పరిగెత్తాను.

మా మరిది భార్య నాకన్నా నాలుగేళ్ళు చిన్నది. సంతబొమ్మాళి వైపు పిల్ల. చెయ్యి నాకన్నా చురుకు, నోరు చేతికన్నా చురుకు. అప్పటికి అన్నదమ్ములు వేరుపడలేదు, రెండు కాపురాలకూ ఒకటే పొయ్యి. నా లెక్క మొత్తం విని ఆమె, "లెక్క బాగుందక్కా. మరి అత్తకి మందులెవులిత్తారు? నువ్వు కూడిన పదిహేడు వేలొచ్చి ఇత్తాదేటి?" అంది.

క్యాలెండరు చుట్టి చంకలో పెట్టుకున్నాను. అత్తకు మా వైపు ఎన్నో ఇళ్ళలో ఉన్న ఆ కిడ్నీ జబ్బే. ఇద్దరి పిల్లలూ చిన్నవాళ్ళు. మగవాళ్ళలో ఒకరు కొబ్బరి లారీ మీద కంచిలి, ఇచ్ఛాపురం తిరిగేవారు, ఒకరు కూలికి పోయేవారు. మా ఇద్దరిలో ఎవరో ఒకరు ఎప్పుడూ ఇంట్లో ఉండి తీరాలి. అంటే ఎవరం పోయినా ఒక పూటకే పోగలం, ఒక పూట పోయేవాళ్ళకు కిలో పనే గతి.

ఆ సమయంలోనే నాకు ఆ పాడు తెలివి పుట్టింది. మా ఇంటి జీడితోట అన్నదమ్ములిద్దరిదీ. పెద్దవాడు కనుక పట్టా మా ఆయన పేరు మీద ఉండేది. పిక్కలు రాలే కాలంలో కాపలా వంతుల మీద జరిగేది. పొద్దుటి పూట ఒకరు, మాపటి పూట ఒకరు, ఎవరి పూట రాలినా పిక్కలన్నీ ఒకే గోనెలోకి. పట్టా ఎవరి పేరు మీద ఉందని ఎవరూ అడిగేవారు కాదు. ఉద్దానంలో ఇలాంటివి ఆలోచించి చేసేవి కావు, అన్నం కలుపుకున్నట్టు చేసేవి. తోటకు వంతు ఉండగా లేనిది ఉద్యోగానికి ఎందుకు ఉండకూడదనుకున్నాను. ఇద్దరం కలిసి మేస్త్రి దగ్గరికి వెళ్ళి, ఇద్దరి పేర్లూ రాసుకుని చెరి సగం కూలి ఇమ్మని అడిగాను. మేస్త్రి పగలబడి నవ్వాడు. "మస్టర్లో సగం మనిసికి గడి నేదమ్మా. ఒక్క పేరు సెప్పు. ఆ పేరు మీద ఎవులొచ్చి కూకుంటే నాకేటి?" అన్నాడు.

ఎవరి పేరనే ప్రశ్నకు మేము గేటు దాటేంత సేపు కూడా ఆలోచించలేదు. నేను పెద్దదాన్ని, సంతకం వచ్చినదాన్ని. ఆమె వేలిముద్ర మనిషి. "నీ పేరైతేటి, నా పేరైతేటి అక్కా, వండుకునే పొయ్యి ఒకటే కదేటి," అంది. నా పేరు, నా భర్త పేరు, నా ఎడమ చెంప మీది పుట్టుమచ్చ అన్నీ పుస్తకంలోకీ కార్డులోకీ ఎక్కాయి. నూట పదిహేడో నంబరు రేకు బిళ్ళ ఒకటి ఇచ్చారు. పొద్దున్న అది నా మెడలో, మధ్యాహ్నం గేటు దగ్గర తీసి ఆమె మెడలో వేసేదాన్ని. మేస్త్రి ఎవరి ముఖమూ చూసేవాడు కాదు, నూట పదిహేడూ అని కేక వేసేవాడు, ఎవరం ఉంటే వాళ్ళం పలికేవాళ్ళం.

అలా ఆరేళ్ళు గడిచాయి. సుఖంగానే గడిచాయని చెప్పడానికి నాకిప్పుడు నోరు రావడం లేదు గానీ, అప్పుడు సుఖమనే అనుకున్నాను. నెలాఖరున కూలి చెరి సగం, పండక్కి బోనసు చెరి సగం. ఒక మనిషి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుంటే ఎనిమిది కిలోలు తీయడం గగనం. మేమిద్దరం పూటకొకరం తాజాగా వచ్చి కూర్చుని పది కిలోలు తీసేవాళ్ళం. అది చూసి మేస్త్రి, నూట పదిహేడు తీయగా లేనిది మీరెందుకు తీయలేరని మిగిలిన అందరికీ పది కిలోలు చేశాడు. బల్ల చివర కూర్చునే పెద్దావిడ ఒకామె, "మీ తోడికోడళ్ళ పొత్తు మా పీకకి సుట్టుకుందే," అని మొహం మీదే తిట్టింది. నాకు అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు ఆమె కనిపిస్తే కాళ్ళు పట్టుకుందును. మమ్మల్ని చూసి అక్కాచెల్లెళ్ళు, అత్తాకోడళ్ళు, ఇరుగుపొరుగు వాళ్ళు కూడా ఒక పేరు మీద ఇద్దరు చొప్పున చేరారు. లెక్కపెట్టాను, పదకొండు జంటలు. ఇరవై రెండు మంది చేతులు, పదకొండు మందికి పి.ఎఫ్., పదకొండు మందికి ఆసుపత్రి కార్డు. ఆ లాభం ఎవరి గోనెలోకి పోతున్నదో కూడడం అయిదు నిమిషాల పని. కూడలేదు. దారి చూపించినది నేనేనని మురిసిపోయాను. చెప్పు తీసి నన్ను నేనే కొట్టుకోవాలనిపించేది అందుకే.

ఏడో ఏడు మొదట్లో ఒక మధ్యాహ్నం, సరిహద్దు అవతలి నుంచి వచ్చి పిక్కలు కోసే మిషన్ల మీద పని చేసే ఒడియా వాళ్ళు పండగకు ఇళ్ళకు పోయారు. పొట్టు తీయడానికి పప్పు రావాలంటే ముందు పిక్కలు కోయాలి. మేస్త్రి బల్లల వైపు చూసి కేక వేశాడు, నూట పదిహేడూ ఇటు రా అని. ఆ పూట బిళ్ళ నా తోడికోడలి మెడలో ఉంది; ఆ మిషను మీద ఎన్నడూ కూర్చోని మా చిన్నది వెళ్ళి కూర్చుంది. గంట తిరగకుండా కుడిచేతి చూపుడువేలు మొదటి కణుపు దాకా, నడిమివేలు సగం దాకా తెగిపోయాయి. పొట్టు తీసేవాళ్ళకు ఆ రెండు వేళ్ళే అన్నం.

నాకు కబురు అందేసరికి ఆమెను ఆసుపత్రికి చేర్చారు. నేను గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి మేస్త్రి అడ్డంగా నిలబడి ఉన్నాడు. "నువ్వు లోనికెల్లకు. లోనున్నది నువ్వే. ఇద్దరొక పేరంటే ఇద్దరికీ పని ఊడిపోద్ది, కోసిన డబ్బులూ పోతాయి," అన్నాడు. కిటికీలోంచి వినబడుతున్నది. లోపల రాసుకునే ఆమె పేరు అడిగింది. మా చిన్నది నా పేరు చెప్పింది. భర్త పేరు అడిగింది. మా వైపు ఆడవాళ్ళు సొంత మొగుడి పేరే నోటితో పలికేవారు కారు. రక్తం కారుతున్న చేతికి గుడ్డ చుట్టుకుని కూర్చున్న ఆ పిల్ల, అన్నగా చూసే బావ పేరు మొగుడి పేరని చెప్పవలసి వచ్చింది. గుమ్మం బయట నిలబడి నేను అంకెలు లెక్కపెట్టుకున్నాను, నలభై దాకా వచ్చింది. చివరికి చెప్పింది. ఈ మాట ఇంట్లో తెలిసిన రోజు నుంచి మా మరిది మా ఆయన పక్కన కూర్చుని భోజనం చేయలేదు. ఆ ఏడే వేరు కుంపటి పెట్టుకున్నారు.

కుట్లు వేసేంత వరకు కార్డు పనికొచ్చింది. ఆ తరువాత, పనిలో వేళ్ళు పోయినవాళ్ళకు నెలనెలా ఎంతో కొంత ఇస్తారనీ, పెద్ద డాక్టర్లు చెయ్యి చూసి రాస్తారనీ తెలిసింది. చెయ్యి ఎవరిది చూపించాలి? కార్డు మీద ఉన్నది నా చెంప మీది మచ్చ. నాకేమో పది వేళ్ళూ ఉన్నాయి. వేళ్ళు పోయిన మనిషి ఆ ఫ్యాక్టరీలో ఒక్క రోజైనా పని చేసినట్టు ఏ పుస్తకంలోనూ లేదు.

వారం తిరగకుండా మేస్త్రి ఒక కాగితం, మూడు వేల రూపాయలు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. డబ్బు యజమాని దయతలచి మందులకు ఇచ్చినదట. కాగితంలో, నాకు పనిలో ఏ అవయవ లోపమూ కలగలేదనీ, నా రెండు చేతులూ బాగున్నాయనీ రాసి ఉంది. ఆ కాగితంలో అబద్ధం ఒక్క ముక్క లేదు, చూడండి! అంత నిజం రాసిన కాగితాన్ని నా జన్మలో చూడలేదు. నేను అప్పుడు కూడా లెక్క వేశాను. నిజం చెబితే ఆరేళ్ళ పి.ఎఫ్. చిక్కులో పడుతుంది. పింఛను రావాలంటే పదేళ్ళు పుస్తకంలో పేరుండాలి, ఇంకా నాలుగేళ్ళు కావాలి. అత్త మందులు, పిల్లల ఫీజులు. ఒక పక్క ఇవన్నీ, ఇంకో పక్క రెండు వేళ్ళు. అరుగు మీద కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మా చిన్నది, "అందులో నా పేరెక్కడైనా ఉందేటక్కా?" అని అడిగింది. లేదన్నాను. "అయితే ఎట్టేయి," అంది. సంతకం పెట్టేశాను. నా సంతకం చాలా చక్కగా ఉంటుంది, అందరూ మెచ్చుకుంటారు.

కిలో పని మంచిదా మస్టరు పని మంచిదా అని ఏడాది పొడుగునా చుక్కలు పెట్టి తూచిన మనిషిని, ఆ రోజు తోడికోడలి వేళ్ళను నా సర్వీసుతో తూచాను, అదీ ఆమె ఎదుటే. తప్పు మేస్త్రిదీ యజమానిదీ కాదా అని మీరు అనవచ్చు. ముమ్మాటికీ వాళ్ళదే. సగం పూట వచ్చే మనిషికి సగం పేరైనా రాయకుండా, ఆమె సగం కూలీ సగం వయసూ తిని, చెయ్యి తెగితే మూడు వేలు విదిలించిన వాళ్ళను నేను ఈ రోజుకీ క్షమించలేదు, రేపూ క్షమించను. కానీ వాళ్ళకు వాళ్ళ లాభం తెలుసు. దాన్ని మా ఇంటి తెలివిగా చుట్టి, దారం కట్టి, వాళ్ళ చేతికి అందించింది నేను.

ఆ తరువాత ఇంకో ఏడేళ్ళు నేను ఒక్కదాన్నే రెండు పూటలూ కూర్చున్నాను. అత్తను, నా పిల్లలను, తోటను, వేరుపడ్డాక కూడా, ఆమే చూసుకుంది. అంటే ఆ ఏడేళ్ళూ కూడా ఒక పేరు మీద ఇద్దరం పని చేసినట్టే. ఫ్యాక్టరీ చేతులు మారి మమ్మల్నందరినీ తీసేశాక పి.ఎఫ్. డబ్బు వచ్చింది. ఆరేళ్ళకు సగం లెక్క వేయబోయి, ఆగి, మొత్తం పదమూడేళ్ళ దానిలోనూ సగం తీసి ఇచ్చాను. తీసుకుంది. మొహమాటపడలేదు, దండం పెట్టలేదు, రెండుసార్లు లెక్కపెట్టుకుని చీర కొంగున కట్టుకుంది. ఆమె మీద నాకున్న గౌరవం ఆ రోజు రెట్టింపయింది. యాభై ఎనిమిది దాకా ఆగితే ఎక్కువ వచ్చే పింఛను, ఆమెకు ముందే అక్కర పడుతుందని యాభై నిండగానే తగ్గించుకుని పెట్టించాను. నెలనెలా అందులో సగం ఆమెది. కానీ నేను పోతే పింఛను నా భర్తకు పోతుంది, ఆయన తరువాత ఆగిపోతుంది. ఆమె ఆరేళ్ళకు వారసులెవరని అడిగితే పుస్తకం దగ్గర జవాబు లేదు. ఎన్ని రకాలుగా కూడినా ఆ చోట నా లెక్క మొండికేస్తుంది.

ఇప్పుడు పలాసలో పొట్టు చాలా వరకు మిషన్లే తీస్తున్నాయి. మా బల్లలు, వాటి చుట్టూ ముప్ఫై మంది కూర్చుని పాడుకున్న పాటలు, వేసుకున్న పరాచికాలు, ఒకరి పిల్లను ఒకరు ఒళ్ళో పెట్టుకుని చేసిన పని, అవన్నీ పోయాయి. తలుచుకుంటే ఎంత కోపంలోనూ మనసు చల్లబడేది వాటికే. రేకు బిళ్ళలు పోయి గేటు దగ్గర వేలిముద్ర మిషన్లు వచ్చాయట, ఒకరికి బదులు ఇంకొకరు పోలేరట. మంచిదే. కానీ మిగిలిన పనికి వచ్చే ఒక పూట ఆడవాళ్ళను కాంట్రాక్టరు ఆటోలో తెస్తాడు, ఆటోలో తీసుకుపోతాడు, డబ్బు సెల్లుకు వేస్తాడు. గంటకు ఎక్కువేనని వాళ్ళు సంబరపడుతున్నారు. మాకు ఇద్దరికి ఒక పేరుండేది, వీళ్ళకు ఆ ఒక్కటీ లేదు.

ఏటా నేను బతికే ఉన్నానని పింఛను వాళ్ళకు రుజువు చూపాలి. పలాసలో కంప్యూటరు సెంటరుకు వెళ్ళి వేలిముద్ర వేయాలి. మా చిన్నది ప్రతి ఏడూ నాతో వస్తుంది, ఆమె డబ్బు కూడా అందులో ఉంది మరి. పోయినసారి మిషను నా బొటనవేలు పట్టలేదు. జీడి రసంలో ఏళ్ళ తరబడి నానిన చేతులు, గీతలెక్కడ మిగులుతాయి? కంప్యూటరు దగ్గరి అమ్మాయి ఇంకో వేలు పెట్టండి అంది, ఇంకోటి అంది, చెయ్యి తుడుచుకోమంది, రెండో చెయ్యి ఇమ్మంది. ఒక్కొక్కటే పెట్టాను, ఒక్కొక్కదానికీ ఎర్ర దీపం వెలిగింది. మా చిన్నది పక్కనే నిలబడి ఆ దీపం వంకా నా చేతుల వంకా చూస్తూ, వేళ్ళు తెగిన చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వింది.

"సేతులకి పది ఏళ్ళుండి ఒక్కటీ పనికి రాకపోయె కదక్కా," అంది.

లైనులో ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. నేను చేతులు రెండూ బల్ల మీదే ఉంచి, ఆ అమ్మాయి ఇంకేం చెయ్యమంటుందో అని చూస్తూ నిలబడ్డాను.